నాగబాబు బండికి పెద్ద ట్యాంకు

భావనపాడులో పడవ ఇంజను మొరాయిస్తే జనం ముందు దాన్ని తిడతారు, తర్వాత నాగబాబును పిలుస్తారు. సముద్రం మీద బతికే ఇంట్లో పుట్టి సముద్రం మీదికి వెళ్ళని మనిషి వాడు. పడవెక్కితే చాలు, కడుపులో ఉన్నదంతా బయటికి వస్తుంది. ఆ సంగతి ఊరందరికీ తెలుసు గానీ ఎవరూ ఎత్తిపొడవరు. వాడు లేకపోతే సగం పడవలు ఇసుకలోనే ఎండిపోతాయని కూడా వాళ్ళకు తెలుసు.

నోట్లోంచి మాట రావాలంటే వాడికి ఒక పూట పడుతుంది. చేతులు మాత్రం క్షణం ఊరుకోవు. ఏదో ఒక మర తిప్పుతూనో, ఏదో ఒక గొట్టం తుడుస్తూనో ఉంటాయి. ఆ చేతుల వల్లనే వాడికి అన్నం దొరికింది, దేవి దొరికింది. ఆ చేతుల వల్లనే దేవి చెయ్యి జారిపోయే ప్రమాదమూ వచ్చింది. ఆ కథే ఇది.

దేవిది విజయనగరం వైపు తీరంలో ఉన్న కోనాడ. పొద్దున్నే పడవలు ఒడ్డుకు రాగానే చేపల వేలం పాట పాడే పిల్ల. ఆమె గొంతెత్తితే కాకులు కూడా ఒక అడుగు వెనక్కి వేస్తాయి. ఒకసారి ఆమె తండ్రి పోతురాజు పడవ ఇంజను బాగుచెయ్యడానికి వెళ్ళిన నాగబాబు ఆ గొంతు విని, చేతిలో స్పానరు ఇసుకలో పారేసుకుని, అది వెతుక్కునే నెపంతో సాయంత్రం దాకా అక్కడే ఉండిపోయాడు. స్పానరు దేవికే దొరికింది. ఇద్దరి ఫోన్ నంబర్లు ఒకరి దగ్గర ఒకరికి చేరాయి. ఆమె మాట్లాడుతుంది, వీడు ఊఁ కొడతాడు. ఇంతకంటే చక్కని జంట ఎక్కడుంటుంది చెప్పండి!

పోతురాజు కూడా కాదనలేదు. కాకపోతే ఆయనకొక పట్టింపు ఉంది. తన ఇంటికి పిల్లనడగడానికి వచ్చేవాడు తలా తోకా ఉన్న నిండు చేపతో గుమ్మం ఎక్కాలి. ఆయన తండ్రి అలాగే వెళ్ళాడు, ఆయనా అలాగే వెళ్ళాడు. నాగబాబుకు ఇదేం పెద్ద పని? తెల్లారితే కళ్ళ ముందే గంపల కొద్దీ చేప దిగుతుంది. మంచి కోనాం చేపను చూసి, బండి వెనక కట్టుకుని బయల్దేరాడు. కోనాం అంటే మిగతా జిల్లాలవాళ్ళు వంజరం అని పిలిచేదే.

చేప కోనాడ చేరలేదు. మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ చేరలేదు. మూడోసారి అరిటాకులో తోక ముక్క ఒక్కటి చేరింది.

"ఏటిరా ఇది?" అన్నాడు పోతురాజు.

"సేప, మావా."

"సేపంటే తలుంటాది. మజ్జిన వొల్లుంటాది. నాకు తోక సూపించి పిల్లనడుగుతన్నావా?"

నాగబాబు ఏం చెబుతాడు? దారిలో ముగ్గురు ఆడవాళ్ళు చేపను తినేశారని ఎలా చెబుతాడు?

వాళ్ళు వాడి తల్లి తోబుట్టువులు. తల్లి వాడి పసితనంలోనే పోయింది. తండ్రి పారాదీప్ వెళ్ళి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. టెక్కలిలో పెద్దమ్మ నారాయణమ్మ, నరసన్నపేటలో పిన్ని లక్ష్మణమ్మ, ఎచ్చెర్లలో చిన్నపిన్ని రాజకుమారి వాడిని వంతులేసుకుని పెంచారు. ముగ్గురూ రోడ్డు పక్కన చేపలమ్ముకునేవాళ్ళే. కోనాడకు పోయే దారి ఆ మూడు ఊళ్ళ మీదుగానే పోతుంది. చేపతో పోతూ అయినవాళ్ళ ఊళ్ళో ఆగాక చేప ఇవ్వకుండా కదలడమంటే వాళ్ళ దృష్టిలో మొహాన తలుపు వేసినట్టే. ఇచ్చాక తినకుండా కదలడం అంతకంటే పెద్ద తప్పు. పెద్దమ్మ తల తీసుకునేది, పిన్ని నడుం ముక్కలు తీసుకునేది, చిన్నపిన్ని మిగిలింది తీసుకుని వాడికే వండి పెట్టేది.

ఆగకుండా పోవచ్చు కదా అంటారు. ఎలా పోతాడు? వాడిది నల్లటి స్పోర్ట్స్ బండి. ముక్కు ముందుకు పొడుచుకొచ్చి, తోక పైకి లేచి, ఎక్కినవాడు సగం సాష్టాంగపడ్డట్టు కనిపించే రకం. విశాఖలో ఎవడో కుర్రాడు దాన్ని గోడకు గుద్ది, అసలు ట్యాంకు నుజ్జు చేసి, బదులుగా ఒక మోపెడ్ ట్యాంకు తగిలించి అమ్మేస్తే వీడు మురిసిపోయి కొనుక్కొచ్చాడు. బండి తాగేది ఎక్కువ, కడుపులో పట్టేది తక్కువ. ప్రతి ఊళ్ళోనూ బంకు దగ్గర ఆగాలి. ప్రతి బంకుకూ కూతవేటు దూరంలో ఒక అమ్మ గంప పెట్టుకుని కూర్చుని ఉంటుంది. పైగా ఆ నల్ల బండి చప్పుడు ముగ్గురికీ బాగా తెలుసు.

పెళ్ళి సంగతి వాళ్ళకు చెప్పేస్తే సరిపోయేది. చెప్పలేదు. ముగ్గురూ ఒకచోట చేరితే పక్క వీధివాళ్ళు కిటికీలు మూసుకుంటారు. ఆ గోలంతా చూస్తే పోతురాజు జడుసుకుని పిల్లనివ్వడేమోనని వీడి భయం. అన్నీ కుదిరాక మెల్లగా చెబుదామనుకున్నాడు.

తోక చూసిన రోజున పోతురాజు తెగేసి చెప్పాడు. "ఆదోరం భీమిలోలు వస్తన్నారు. ఆల కుర్రోడు ఓడలో పన్జేస్తన్నాడు. మజ్జానం బోజనాల్లోపల నువ్వు నిండు సేపతో వచ్చినావా, ఆల్ని రావద్దని ఫోన్ సేసేస్తాను. రాలేదా, తాంబూలాలు ఆలకే. మరి నీ పేరెత్తను."

ఆ రాత్రి దేవి ఫోనులో ఇంకా గట్టిగా చెప్పింది. "బావా, నానేటి వేలంలో పెట్టిన గంపనా, ఎవుడు ముందొస్తే ఆడు అట్టుకుపోడానికి? ఆగకుండా రా. ఏటి సేస్తావో నాకు తెల్దు."

ఏం చెయ్యాలో నాగబాబుకు ఆ క్షణంలోనే తోచింది. పెద్ద ట్యాంకు!

పలాసలో జీడిపప్పు డబ్బాలు అతికే తిరుమలరావు దగ్గరికి పరుగెత్తాడు. నేల మీద బొగ్గుతో బొమ్మ గీశాడు. తిరుమలరావు ఆ బొమ్మ చుట్టూ ఒకసారి తిరిగి, "ఇది ట్యాంకేటిరా, పెళ్ళి గుండిగలాగున్నాది" అన్నాడు. అయినా మందపాటి రేకు తెచ్చి, వంచి, అతికి, నీళ్ళు పోసి చూసి, ఎక్కడా చుక్క కారడం లేదని తేల్చి అప్పగించాడు. మూత మాత్రం నాగబాబు తన కొట్లోంచే తెచ్చుకున్నాడు. పడవ ఇంజను ట్యాంకుకు వాడే మూత అది. దాని నెత్తి మీద వేలెడంత గాలి మర ఉంటుంది. పడవ నీళ్ళలోకి దిగేటప్పుడు దాన్ని వదులు చేస్తారు. అప్పుడు ట్యాంకులోకి గాలి పోయి పెట్రోలు సాఫీగా దిగుతుంది. పడవ ఒడ్డెక్కగానే, పెట్రోలు ఆవిరైపోకుండా బిగించేస్తారు. భావనపాడులో పుట్టిన ప్రతి చెయ్యికీ ఈ పని నిద్రలో కూడా వచ్చు.

బిగించాక చూస్తే బండికి నిండు నెలలు వచ్చినట్టుంది. ట్యాంకు మీద నుంచి వంగితే నాగబాబు వేళ్ళు హ్యాండిల్‌ను అందీ అందక అందుకుంటున్నాయి. అలవాటుగా గాలి మర వదులు చేసి, నీళ్ళ అంచున తడి ఇసుక మీద బండిని అటూ ఇటూ పరుగెత్తించాడు. ఎక్కడా దగ్గలేదు, ఆగలేదు. వాడి ఆనందం పట్టడానికి ఆ ట్యాంకు కూడా చాలదు.

ఆదివారం తెల్లవారగానే మొదటి పడవలో ఒక కోనాం దిగింది. చంటిపిల్లాడంత చేప. థర్మకోల్ పెట్టెలో ఐసు మధ్య పడుకోబెట్టి, బండి వెనక తాళ్ళతో కట్టాడు. ట్యాంకు నిండా పెట్రోలు పోశాడు. ఇసుకలోంచి బండిని రోడ్డెక్కించాడు. రోడ్డెక్కగానే వేళ్ళు వాటంతట అవే మూత మీదికి పోయి, గాలి మరను గట్టిగా బిగించేశాయి. ఒడ్డెక్కాం కదా! చెయ్యి చేసిన పని బుర్రకు తెలియలేదు.

దారి పొడవునా ఒకటే హుషారు. మాటే పెగలని మనిషి, ఎదురుగాలిలో నోరు తెరిచి దేవి వేలం పాట పాడేశాడు. "కోనాం! కోనాం! ఎవరి పాట?" గట్టు మీద మేస్తున్న గేదెలు తలలెత్తి చూశాయి. టెక్కలి బంకు కనిపించింది. ఈ రోజు నీతో పని లేదు పో అన్నట్టు దానికి చెయ్యి ఊపాడు. ఊపిన చెయ్యి ఇంకా కిందికి దిగలేదు, బండి రెండుసార్లు దగ్గి, నారాయణమ్మ గంప ముందు ఆగిపోయింది.

"ఒరే నాగా!" అంది పెద్దమ్మ. "ఏటిరా ఇలగ వచ్చినావు? ఈ బండికేటి, కడుపొచ్చినాదేటి?"

నాగబాబు మూత తీశాడు. బుస్సుమని గాలి లోపలికి పోయింది. పెట్రోలు నిండుగానే ఉంది. మూత పెట్టి, మర బిగించి, తప్పంతా ప్లగ్గుదే అనుకుని దాన్ని విప్పి తుడుస్తూ కూర్చున్నాడు. ఈలోగా పెద్దమ్మ పెట్టె తెరిచి చేపను చూసింది. "ఓలమ్మ!" అని మురిసిపోయి కత్తిపీట ముందుకు లాక్కుంది.

"పెద్దమ్మా, దాన్ని కొయ్యకు!"

వాడు అంత గట్టిగా అరవడం ఆమె ఎన్నడూ వినలేదు. "ఎందుకురా?"

ఇక దాచి లాభం లేకపోయింది. దేవి, పోతురాజు, నిండు చేప, భీమిలివాళ్ళు, అన్నీ ముక్కలు ముక్కలుగా బయటపడ్డాయి. నారాయణమ్మ వింటూ వింటూ కత్తిపీట మీంచి చెయ్యి తీసేసింది.

"పిల్లనడగడానికి ఒక్కడివే ఎల్తన్నావా?" అంది. ఆ గొంతులో తిట్టు లేదు. తిట్టి ఉంటే నాగబాబుకు బాగుండేది. తర్వాత ఆమెకు ఇంకేదో తట్టింది. "మరి మొన్న తెచ్చిన సేప? అటు మొన్నటిది?"

"అవీ దానికే, పెద్దమ్మా."

"ఓరి నీ జిమ్మడ! పెళ్ళి సేపలు తినీసినామేట్రా!" నారాయణమ్మ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. మరుక్షణం గంపను పక్కామెకు అప్పగించి, చీర బిగించి కట్టి, చేప పెట్టె ఒళ్ళో పెట్టుకుని బండెక్కేసింది. "నీ బండిని నాను నమ్మను. పద!"

స్పోర్ట్స్ బండికి వెనక సీటు ఎత్తుగా ఉంటుంది. నాగబాబు ట్యాంకు మీద బోర్లా పడుకున్నట్టుంటే, పెద్దమ్మ వాడి తలకంటే పైన అంబారీ మీద కూర్చున్నట్టు కూర్చుంది. హైవే మీద లారీలవాళ్ళు హారన్లు కొట్టి దండాలు పెట్టారు. ఆమె కూడా తిరిగి చెయ్యెత్తి దీవిస్తూనే, చేపకు ఎలా ఉందోనని మాటిమాటికీ పెట్టె మూత తీసి చూస్తూ వచ్చింది. ఎండ పెరుగుతోంది, ఐసు కరిగిపోతోంది.

నరసన్నపేటలో బండి మళ్ళీ దగ్గింది. సరిగ్గా లక్ష్మణమ్మ ఇంటి మలుపులో ఆగింది. మళ్ళీ మూత, మళ్ళీ బుస్సు, మళ్ళీ నిండా పెట్రోలు. నాగబాబు మర బిగించి ప్లగ్గు విప్పేలోగా అక్క నోటంట కథంతా విన్న లక్ష్మణమ్మ, అక్కనే దులిపేసింది.

"అప్పా, నీకు బుద్దున్నాదేటి? కడుపు తియ్యని సేపని ఎండలో ఇంత దూరం తెస్తావా? మజ్జానానికి కుళ్ళిపోద్ది."

"ముట్టుకోకు! నిండు సేప కావాలంట."

"కడుపులోది ఎవుడు సూస్తాడు? తలా తోకా నాను ముట్టుకోను."

పొలుసు తీసింది, కడుపు శుభ్రం చేసింది, ఉప్పూ పసుపూ పట్టించింది. చేతులు కడుక్కుంటూనే, "నానూ వస్తన్నాను" అంది. ఆమె భర్త నారాయణమూర్తికి ఆటో ఉంది. ఆయన మంచి నిద్రలో ఉన్నాడు. లేపి, చొక్కా తొడిగించి, స్టీరింగు ముందు కూర్చోబెట్టేవరకు ఆయనకు ఎక్కడికి వెళ్తున్నాడో తెలియదు. చేప ఆటోలోకి మారింది. అక్కాచెల్లెళ్ళిద్దరూ దానికి చెరో పక్కన విసనకర్రలు పట్టుకుని కూర్చున్నారు.

ఎచ్చెర్లలో బండి ఎక్కడ ఆగిందో మీకు నేను చెప్పక్కర్లేదు. రాజకుమారి గుమ్మంలోనే. ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు. ముందు చేప మొప్ప ఎత్తి వాసన చూసింది. ముగ్గురిలో చిన్నది, ముగ్గురిలో మొండిది.

"ఇది ఇలగే కోనాడ తీసికెల్తే మనల్ని కుక్కలు తరుముతాయి. వండీయాల."

"వండితే ఎలగ పిన్నీ?" నాగబాబు గొంతు ఏడుపులోకి దిగింది. "నిండు సేప తెమ్మన్నాడు!"

"తల ఉంటాది, తోక ఉంటాది, మజ్జిన వొల్లుంటాది. ఒక్క ముక్క తియ్యను. ఎవుడు కాదంటాడో నాను సూస్తాను."

పొయ్యి మీద పులుసు మరుగుతూనే ఉంది. పెద్ద మట్టిదాకలోకి చేప వంపు తిరిగి, తలా తోకా పైకి కనిపించేలా దిగింది. చింతపండు చాలదని పెద్దమ్మ, కారం ఎక్కువైందని పిన్ని, మీరిద్దరూ బయటికి పొండని చిన్నపిన్ని. నాగబాబు అరుగు మీద కూర్చుని తల పట్టుకున్నాడు. దేవిని పోగొట్టుకున్నానని వాడికి నమ్మకం కుదిరిపోయింది. అప్పుడే ఆమె ఫోను వచ్చింది.

"ఎక్కడున్నావు బావా? అయ్య గడియారం సూస్తన్నాడు."

"ఎచ్చెర్లలో. పెద్ద ట్యాంకు ఎట్టించినా బండి ఆగిపోతన్నాది. ప్లగ్గు తుడిస్తే కొంత దూరం ఎల్తాది, మల్లీ ఆగిపోతాది."

"మూత ఏటెట్టేవు?"

"పడవది."

"గాలి మర ఇప్పేవా?"

నాగబాబు లేచి వెళ్ళి చూశాడు. మర బిగుసుకుని ఉంది. తన వేళ్ళే బిగించాయి, పొద్దుటి నుంచి ఆగిన ప్రతిచోటా, ఒడ్డు మీద ఉన్నామని. గాలి లోపలికి పోక పెట్రోలు కిందికి దిగలేదు. మూత తీసినప్పుడల్లా కాస్త గాలి పోయి ఇంకో ఊరిదాకా నడిచింది. ఊళ్ళో ఇంజన్లన్నీ బాగుచేసే మనిషి! ఫోనులో దేవి నవ్వు ఎంత గట్టిగా వచ్చిందంటే, లోపల్నుంచి ముగ్గురు తల్లులూ గరిటెలతో సహా బయటికి వచ్చారు.

"ఆ పిల్లేనేటి?" అంది నారాయణమ్మ. "గొంతు బాగున్నాది. మన ఇంటికి సరిపోద్ది."

గాలి మర వదులు చేశాక బండి బాణంలా లేచింది. ట్యాంకులో కావలసినంత పెట్రోలుంది, ముందు రోడ్డు ఖాళీగా ఉంది. అయినా నాగబాబు వేగంగా పోలేకపోయాడు. వెనక ఆటోలో ముగ్గురు ఆడవాళ్ళు దాకను మధ్యలో పెట్టుకుని, పులుసు తొణికినప్పుడల్లా నారాయణమూర్తిని తిడుతూ వస్తున్నారు. వాళ్ళు వెనకబడితే వీడు ఆగి, కనిపించాక కదిలాడు.

కోనాడలో పోతురాజు ముంగిట పెద్దలు చాపల మీద కూర్చుని ఉన్నారు. భోజనాలకు ఆకులు కడిగేశారు. నల్ల బండి వచ్చి ఆగింది, వెనక ఆటో ఆగింది. ఆటోలోంచి ముందు దాక దిగింది, తర్వాత దాని వెంట ఒకరినొకరు తోసుకుంటూ ముగ్గురు దిగారు. పోతురాజు మూత ఎత్తి చూశాడు. ఆవిరి ఆయన మీసాలకు తగిలింది.

"తలుంది. తోకుంది," అన్నాడు నెమ్మదిగా. "కానీ ఇది పులుసు కదరా?"

రాజకుమారి నాగబాబుకు అడ్డంగా వచ్చి నిలబడింది. "నిండు సేప తెమ్మన్నావు. తెచ్చినాం. పచ్చిది తెమ్మన్నావా?"

పెద్దల్లో జగన్నాధం అనే ముసలాయన కిసుక్కున నవ్వాడు. పోతురాజు నవ్వు ఆపుకోవడానికి తంటాలు పడుతూ వేలితో పులుసు తీసి నాలిక్కి రాసుకున్నాడు. మళ్ళీ రాసుకున్నాడు. తర్వాత జేబులోంచి ఫోను తీసి, అందరికీ వినబడేలా, భీమిలివాళ్ళను రావద్దని చెప్పేశాడు. గుమ్మంలో దేవి వేసిన కేకకు కాకులు లేచిపోయాయి. నాగబాబుకు కాళ్ళు నేల మీద ఆనలేదు. తాను నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో వాడికే తెలియలేదు.

"సరే, శుభం," అన్నాడు జగన్నాధం, పళ్ళెంలో తమలపాకులూ వక్కలూ అరటిపళ్ళూ సర్దుతూ. "తాంబూలం అందుకోవాల. కుర్రోడి తల్లి ఎవులు? వచ్చి కూర్సోండమ్మా."

ఈ ప్రశ్న వస్తుందని నాగబాబు ఒక్కసారి కూడా అనుకోలేదు. ఎవరి దగ్గరా ఆగకుండా, నిండు చేపతో, ఒక్కడే ఈ ముంగిట్లోకి దూసుకొచ్చి ఉంటే ఇప్పుడీ చాప ఖాళీగా ఉండేది. పొద్దుటి నుంచి వాడు పడ్డ కష్టమంతా అలా ఒక్కడే రావడానికే. సిగ్గుతో పెద్దమ్మ వైపు చూడాలంటే చూడలేకపోయాడు.

చూడాల్సిన అవసరం కూడా రాలేదు. జగన్నాధం మాట పూర్తికాకముందే ముగ్గురూ ఒకేసారి వచ్చి ఒకే చాప మీద కూలబడ్డారు. అది ఒక్క మనిషికి వేసిన చాప.

"నాను పెద్దదాన్ని, లెగండి," అంది నారాయణమ్మ.

"ఆడికి నడక నేర్పింది నాను," అంది లక్ష్మణమ్మ.

"మీ ఇద్దరి దగ్గర్నించీ పారిపోయి నా దగ్గరికే వచ్చేవోడు," అంది రాజకుమారి.

జగన్నాధం పళ్ళెం పట్టుకుని ఎవరికివ్వాలో తెలియక పోతురాజు మొహం చూశాడు. పోతురాజు తల అడ్డంగా ఊపాడు, ఇది తేల్చడం తన వల్ల కాదని. వాదం తెగలేదు. ఎవరూ లేవలేదు కూడా. చివరికి ముగ్గురూ జరిగి జరిగి భుజాలు ఆనించుకుని కూర్చుని, మూడు చెంగులూ ఒకదాని మీద ఒకటి పరిచి పట్టారు. జగన్నాధం తాంబూలం వాటిలో వేశాడు.